తాళంచెవి పక్కన పెట్టు బిడ్డా

నల్లగొండ

బిడ్డా,

జడ్చర్ల నుంచి నువ్వు పంపిన వ్యాసం చదివిన. మీ నాయిన కాలి పుండుకు జెల్ పూసుకుంట, ఇందులో ఏమున్నదని అడిగిన పేరా బాగుంది. రెండో పేజీకి వచ్చేసరికి కోపమొచ్చింది. కణాన్ని పెరగమని చెప్పే ప్రొటీన్‌ను, అదే గ్రోత్ ఫ్యాక్టర్‌ను, పట్టుకొని 'గ్రోత్ ఫ్యాక్టర్ తాళంచెవి, కణం తాళం' అని ఒక్క ముక్కల తేల్చేసినవు.

ఆ తాళం ముచ్చట జర్మన్ కెమిస్టు ఎమిల్ ఫిషర్ 1894ల ఎంజైముల గురించి చెప్పిండు. అప్పటికి ప్రొటీన్ ఆకారం ఎవరన్న చూసిండ్రా? ఇప్పుడు చూసినం. ఆ జెల్‌ల ఉండే గ్రోత్ ఫ్యాక్టర్ పేరు ఇ.జి.ఎఫ్. (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్), 53 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. కణం మీద కబురందుకునే ప్రొటీన్‌ను, అదే గ్రాహకాన్ని, అది రెండు చోట్ల పట్టుకుంటది. అప్పటిదాక ముడుచుకున్న గ్రాహకం విచ్చుకొని, దాచుకున్న చెయ్యి బయట పెడతది. పక్క గ్రాహకమూ అంతే. ఆ రెండూ చేతులు కలుపుకుంటయి. ఇ.జి.ఎఫ్.లు మాత్రం సంబంధం కుదిర్చిన పెద్దమనుషులు పందిట్ల చెరో మూల కూసున్నట్టు, ఒకదాన్నొకటి ముట్టుకోవు. ఇందుల నీ తాళం ఎక్కడున్నది?

నరాలకు పనికొచ్చే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ ఎన్.జి.ఎఫ్. అట్ల కాదు, వచ్చుడే జంటగా వస్తది. 1991ల దాని ఆకారం తేలింది. గొలుసుల దూరపు చోట్లను కలిపే గంధకపు బంధాలల్ల రెండు కలిసి ఒక వలయమైతే, మూడోది దాని నడుమ నుంచి దూరి పోతది. మరుసటేడు పి.డి.జి.ఎఫ్., టి.జి.ఎఫ్.-బీటా అనే వేరే గ్రోత్ ఫ్యాక్టర్లల్ల గూడ అదే ముడి కనబడ్డది. అమైనో ఆమ్లాల వరుస చూస్తే వీటికి చుట్టరికమే తెల్వదు. ఆకారం చూస్తేనే తెలుస్తది. అందుకే మొత్తుకుంటున్న: పోలిక వెతికే ముందు అణువును నాలుగు దిక్కుల నుంచి తిప్పి చూడు.

నేను రాసుడు మొదలుపెట్టినప్పుడు తిప్పి చూసేటందుకు కంప్యూటర్ లేదు. గడియారం సెంటర్ దగ్గర మోటర్ వైండింగ్ దుకాణంల పాత రాగి తీగ అడుక్కొచ్చి, ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో పూసెక్కించి, ఇ.జి.ఎఫ్.ల గంధకపు బంధాలున్నట్టే 6వ పూసను 20తోని, 14ను 31తోని, 33ను 42తోని కట్టిన. పిచ్చి లేసిందా అన్నది మా ఇంటామె. దాన్ని చూసి బొమ్మ గీసి పంపితే, పట్నం ఎడిటర్ ఒకాయన బొమ్మ తీసేసి 'సంజీవని దొరికింది!' అని హెడ్డింగ్ పెట్టిండు. బొమ్మలుంటే పాఠ్యపుస్తకం లెక్క ఉంటదట! పేరు చెప్ప, కోపం మాత్రం పోలే. ఇప్పటోళ్లేం తక్కువ? ప్రతి వ్యాసం 'మీకు తెలుసా?' అనే మొదలుకావాల్నంటరు. నువ్వూ అట్లనే పెట్టినవు, కొట్టేసిన.

నీకు తీగ బాధ లేదు. ప్రొటీన్ల ఆకారాలు దాచిపెట్టే ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971 నుంచి నడుస్తున్నది, పైసా అడగదు. ఫోన్ల తెరిచి '1IVO' అని ఇంగ్లీషుల కొట్టు. ఇ.జి.ఎఫ్. గ్రాహకంతోని కలిసి కనబడతది. వేలితోని తిప్పు. ఆ చేతులు ఎక్కడ కలిసినయో దొరికేదాక తిప్పు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత మాట్లాడుదాం. రెండో పేజీ మళ్ల రాసి పంపు. బొమ్మ నువ్వే గియ్యి, పెన్సిల్‌తోనైనా సరే.

మీ మాస్టారు