హెడ్‌ఫోన్‌కు తగిన ఆల్బమ్‌లు: ముందు ఏవి వినాలి?

నమస్కారమండి. కొత్త హెడ్‌ఫోన్‌లో ఘంటసాల గారి పాత పాటలు తల నడుమ ఒకేచోట వినిపిస్తున్నాయని, ఇప్పటి సినిమా పాటలు కాసేపటికే చెవులను అలసట పెడుతున్నాయని, అందుకు తగిన ఆల్బమ్‌లు చెప్పమని అడిగారు. ఆయన సంగీతం నేర్చుకున్న మన విజయనగరం నుంచే ఈ ప్రశ్న రావడం ముచ్చటగా ఉంది.

మీ హెడ్‌ఫోన్‌లో లోపమేమీ లేదు. 1950, 60ల నాటి మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో రికార్డయినవి. రెండు చెవులకూ ఒకే ధ్వని అందుతుంది కనుక అవి అలాగే వినిపిస్తాయి. వాటికి తరువాత కృత్రిమంగా స్టీరియో (రెండు చెవులకు వేర్వేరు ధ్వని) పులిమిన ప్రతుల జోలికి మాత్రం పోకండి. ఇక కొత్త పాటలలో చాలావాటికి మెల్లని ధ్వనిని కూడా గట్టి ధ్వనికి దగ్గరగా పెంచేస్తారు కాబట్టి చెవికి తెరిపి ఉండదు.

మొదట మోహన వీణ విద్వాంసులు విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటార్ వాద్యకారుడు రై కూడర్ కలిసి వాయించిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’ (1993) వినండి. చర్చిలో రికార్డు చేసిన ఈ ఆల్బమ్‌లో గిటార్‌ను మార్చి చేసిన మోహన వీణ తీగలపై కడ్డీ జారే సవ్వడి, తబలా దెబ్బ పడ్డాక ఆ నాదం గదిలో అణగిపోయే తీరు విడివిడిగా తెలుస్తాయి. తరువాత జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ (1959) స్టీరియో ప్రతిలో ఒక శాక్సఫోన్ ఎడమన, మరొకటి కుడిన స్పష్టంగా నిలుస్తాయి. అమెరికన్ రాక్ బృందం స్టీలీ డాన్ ‘అజా’ (1977) రికార్డింగుకు గ్రామీ కూడా వచ్చింది, అయితే నాకు అది కాస్త అతి నున్నగా అనిపిస్తుంది.

ఒకే ఆల్బమ్‌కు రెండు ప్రతులు దొరికితే, శబ్దస్థాయి సమానం చేశాకే పోల్చండి. లేకపోతే గట్టిగా మోగేదే మేలనిపిస్తుంది.