బెర్లిన్‌లో తొలి మ్యాచ్ ఎక్కడ చూడాలి?

ప్రశ్న: అక్కా, పై చదువుల కోసం బెర్లిన్ వచ్చి నాలుగు నెలలైంది. సోమవారం వస్తే క్లాసులో అందరివీ ఫుట్‌బాల్ కబుర్లే. నాకు క్రికెట్ తప్ప ఏదీ తెలియదు. స్టేడియానికి ఒంటరిగా వెళ్లవచ్చా? ఏది మంచిది?

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లు చెల్లీ. నేను కూడా ఆట తెలియకుండానే వెళ్లాను. ఈ ఊరికి రెండు పెద్ద జట్లు. పడమట హెర్తా, తూర్పున యూనియన్. రెండింటి మైదానాలకూ ఎస్3 అనే లోకల్ రైలే తీసుకెళ్తుంది.

మొదటిసారి పడమటికే వెళ్లు. హెర్తా సొంత మైదానమైన ఒలింపిక్ స్టేడియంలో 74 వేల మందికి పైగా పడతారు. 2023లో ఆ జట్టు రెండో డివిజన్‌కు పడిపోయినా అభిమానులు దాన్ని వదల్లేదు. అంత పెద్ద చోటు కాబట్టి టికెట్టు దొరకడం తేలిక. కాస్త ముందుగా వెళ్లి చుట్టూ తిరిగి చూడు. 1936 ఒలింపిక్స్ కోసం హిట్లర్ ప్రభుత్వం కట్టించిన రాతి కట్టడం అది. అమెరికా అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ నాలుగు స్వర్ణాలు గెలిచింది అక్కడే. పక్కనే హాకీ మైదానం ఉంది. 1936 ఆగస్టు 15న ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది అందులోనే. మనకు స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా పదకొండేళ్ల ముందు, అదే తేదీన! ఆ దారిన వెళ్లినప్పుడల్లా నా నడక దానంతట అదే నెమ్మదిస్తుంది.

కానీ నా మనసున్నది తూర్పున, కోపెనిక్‌లో. స్టేషన్‌లో దిగి జనం వెంట చెట్ల మధ్య కాలిబాటన నడిస్తే యూనియన్ సొంత మైదానం ఆల్టె ఫోర్‌స్టెరై వస్తుంది. ‘పాత అటవీ అధికారి ఇల్లు’ అని దాని అర్థం. 22 వేల మంది పడతారు, కుర్చీలు నాలుగు వేలు కూడా లేవు. మిగతా వాళ్లంతా నిలబడే చూస్తారు. 2004లో క్లబ్బు చేతిలో డబ్బు లేనప్పుడు అభిమానులు రక్తమిచ్చి, అందుకు వచ్చిన సొమ్ము క్లబ్బుకిచ్చారు. 2008లో స్టేడియం శిథిలమైతే రెండు వేల మందికి పైగా స్వయంగా వచ్చి, జీతం లేకుండా సిమెంటు కలిపి మెట్లు కట్టారు. అందుకే అక్కడ ఎవరిని కదిలించినా ‘మా ఇల్లు’ అన్నట్టే మాట్లాడతారు. స్కోరు బోర్డు మీద అంకెలు ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు.

నా తొలి మ్యాచ్‌లో యూనియన్ రెండు గోల్స్ వెనకబడి ఉంది. 85వ నిమిషంలో, రద్దీకి ముందే రైలెక్కుదామని నేను బ్యాగు సర్దుకున్నాను. పక్కన నిలబడిన పెద్దాయన, ఎర్ర కండువా చుట్టుకున్న మనిషి, తల అడ్డంగా ఊపి ‘ఇంకా అయిపోలేదమ్మా’ అన్నారు జర్మన్‌లో. చుట్టూ చూశాను. ఒక్కరూ కదలలేదు. చివరి విజిల్ దాకా ఎవరూ వెళ్లరు, సొంత ఆటగాళ్లను ఎవరూ గేలి చేయరు. అది అక్కడి కట్టుబాటు. ఓడిపోయాం. అయినా అందరూ పాడుతూనే ఉన్నారు. ఆ రోజు నుంచే ఈ ఊరు నాకు పరాయిది కాకుండా పోయింది.

చిక్కేమిటంటే, అక్కడ టికెట్టు దొరకడం కష్టం. అమ్మకాల్లో మొదటి అవకాశం క్లబ్బు సభ్యులదే. ఉంటున్నది బెర్లిన్‌లోనే కాబట్టి సభ్యత్వం తీసుకో. లేదా రాలేని వాళ్లు తిరిగి అమ్మే టికెట్ల కోసం క్లబ్బు సొంత సైటు చూస్తూ ఉండు. స్టేషన్ దగ్గర టికెట్లు చేతిలో పట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనకు. నేను ఒకసారి మూడింతలు పోసి కొన్నాను, గేటు దగ్గర అది పనిచేయలేదు. చలిలో నిలబడి బయట నుంచే అరుపులు విన్నాను.

ఒంటరిగా వెళ్లడం గురించి అడిగావు కదా. భయం లేదు. కానీ హెర్తా, యూనియన్ ఒకదానితో ఒకటి తలపడే రోజు మొదటి మ్యాచ్‌గా వద్దు, ఆ రోజు ఊరంతా పోలీసులే. ఎదుటి జట్టు రంగు వేసుకోకు. గంట ముందు వెళ్తే రైల్లో తోపులాట ఉండదు. పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు, ఏ4 కాగితమంత సంచి చాలు. పానీయం గ్లాసుకు కొంత డిపాజిట్ కట్టించుకుంటారు. తిరిగి ఇచ్చి డబ్బు తీసుకో, పారేయకు.

ఇంకొకటి. క్రిస్మస్ సెలవులకు స్నేహితులంతా ఇళ్లకు వెళ్లిపోతారు, హాస్టల్ ఖాళీ అవుతుంది. ఆ రోజులు కొత్తవాళ్లకు చాలా బరువు. 2003లో 89 మంది యూనియన్ అభిమానులు చీకట్లో స్టేడియంలో చేరి క్రిస్మస్ పాటలు పాడుకున్నారు. ఇప్పుడు ఏటా డిసెంబరు 23న కొవ్వొత్తులు పట్టుకుని వేలాది మంది వస్తున్నారు. దానికీ టికెట్టు కావాలి, శరదృతువు నుంచే కన్నేసి ఉంచు. రెండు జతల మేజోళ్లు వేసుకుని రా.