క్రాస్ కంట్రీ గుర్రానికి కాలి బూట్లు

చిరంజీవి హారికకు బాబాయి ఆశీస్సులు.

బ్రిటిష్ ఈవెంటింగ్ వాళ్ళ 90 సెంటీమీటర్ల ఎత్తు పోటీ బీఈ 90లో దిగుతున్నావని, గుర్రం కాళ్ళకు ఏ బూట్లు కొనాలో తేలడం లేదని రాశావు. నువ్వు పంపిన బొమ్మలన్నీ చూశాను. అందులో రెండింటి మీద టెండన్‌కు, అంటే కండను ఎముకకు కలిపే తాడులాంటి స్నాయువుకు, దన్నుగా ఉంటుందని రాసి ఉంది. ఆ మాట నమ్మి డబ్బు పెట్టకు. బూటు దెబ్బను ఆపుతుంది, అంతే. దౌడులో బరువంతా ఒక్క ముందుకాలి మీద పడ్డప్పుడు గిట్టకు పైనున్న ఫెట్‌లాక్ కీలు నేలకు తాకుతుందేమో అన్నంతగా కుంగుతుంది. ఆ బలాన్ని కాస్త ఫోము, రెండు వెల్క్రో పట్టీలు ఏం ఆపుతాయి? టెండన్ సాగి తెగకుండా చూసేది నువ్వు చేయించే కసరత్తు, నేల, గిట్టల పని.

గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. చర్మం, దాన్ని ఆనుకునే టెండన్లు, ఎముక. క్రాస్ కంట్రీలో, అంటే ఆరుబయట దుంగలు, నీళ్ళు దాటిస్తూ తీసే దౌడులో, అక్కడ తగిలే దెబ్బలు ముఖ్యంగా మూడు రకాలు. వెనకకాలి గిట్ట కొస వచ్చి ముందుకాలి వెనక టెండన్ మీదో, ఇంకా కిందకు మడమ మీదో కొట్టడం ఒకటి. డ్రాప్ (ఎత్తు నుంచి కిందికి దూకే చోటు) దిగినప్పుడు, బురదలో, నీళ్ళలో ముందుకాలు లేవడం ఆలస్యమైతే ఇది జరుగుతుంది. లాడానికి జారకుండా బిగించే స్టడ్లు ఉంటే గాయం లోతుగా దిగుతుంది. రెండోది, జతలోని పక్క కాలు తగిలి లోపలివైపు రాసుకోవడం. మూడోది, కదలని దుంగకు కాలి ముందు ఎముక గుద్దుకోవడం.

ఈ మూడోది గుర్తుంటే నీ జాబితాలో సగం కొట్టేయవచ్చు. ముందువైపు తెరిచి ఉండే టెండన్ బూట్లు షో జంపింగ్ కోసం చేసినవి. అక్కడ కర్ర తగిలితే కింద పడుతుంది. ఇక్కడ దుంగ పడదు. కాబట్టి కాలు చుట్టూ మూసి, వెనకపక్క గట్టి పలక ఉన్నవే చూడు.

కొనేముందు నీ గుర్రం ఎక్కడ తగిలించుకుంటుందో కనిపెట్టు. ముందు నుంచి, వెనక నుంచి నడిపించి, ట్రాట్ (మెల్లని పరుగు) చేయించి చూడు. ఫెట్‌లాక్ లోపలివైపు వెంట్రుక అరిగిందా, పాత దెబ్బ చోట తెల్ల వెంట్రుక వచ్చిందా, మడమ చర్మం చెక్కుకుపోయిందా అని వేలితో తడిమి చూడు. రాసుకునే అలవాటుంటే లోపలి పలక ఫెట్‌లాక్‌ను పూర్తిగా కప్పాలి. మడమ కొట్టుకుంటుంటే టెండన్ బూటు ఎంత ఖరీదైనదైనా దానికి మందు కాదు, గిట్ట చుట్టూ తొడిగి మడమను కప్పే ఓవర్‌రీచ్ బూటు కావాలి.

కొలత విషయంలో తొందరపడకు. మోకాలి కింద నుంచి ఫెట్‌లాక్ కింది అంచుదాకా పొడవు, మధ్యలో చుట్టుకొలత తీసుకో. నీది రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్ కదా, ఎత్తు చూసి ఫుల్ సైజు తీసుకుంటే సన్నని కాలి మీద బూటు తిరిగిపోతుంది. తిరిగితే గట్టి పలక పక్కకు పోయి, పట్టీ సరిగ్గా టెండన్ మీద కూర్చుంటుంది. అంతకన్నా బూటు లేకపోవడమే మేలు. పై అంచు మోకాలు మడిచినప్పుడు వెనక తగలకూడదు, కింది అంచు ఫెట్‌లాక్ వంగడానికి అడ్డం పడకూడదు. కాలు చేత్తో ఎత్తి, పూర్తిగా మడిచి చూస్తే తెలిసిపోతుంది.

ఇక నీళ్ళు. కొట్లో తేలిగ్గా ఉన్న బూటు వాటర్ జంప్ దాటాక రాయిలా వేలాడవచ్చు. వంటింటి త్రాసు మీద పొడి బూటు తూచు. బకెట్లో అయిదు నిమిషాలు ముంచి, ఒక నిమిషం కారనిచ్చి మళ్ళీ తూచు. బరువు పావువంతు కన్నా పెరిగితే నేనైతే తిరిగి ఇచ్చేస్తాను. గొర్రెబొచ్చు లోపలి పొర ఉన్నవి ఈ పరీక్షలో నిలవవు. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య (ఎఫ్‌ఈఐ) జంపింగ్ పోటీల్లో లాడం కాకుండా ఒక కాలి మీద ఉన్నవన్నీ కలిపి 500 గ్రాములు మించకూడదు. నీ పోటీకి ఆ నియమం వర్తించకపోయినా, తడిసిన బరువుకు దాన్నే హద్దుగా పెట్టుకో.

వేడి గురించి కొట్టువాళ్ళు పెద్దగా చెప్పరు. దౌడులో టెండన్ లోపల 45 డిగ్రీల దాకా వేడెక్కుతుందని కొలిచారు. దాని మీద నియోప్రిన్ అనే రబ్బరు నురుగు మందంగా కప్పితే ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. గాలి ఆడే రంధ్రాలున్న ఫోము, పైన గట్టి పలక ఉన్నవి తీసుకో. వార్మప్‌కు చాలా ముందే కట్టేసి నిలబెట్టకు. హైదరాబాద్‌లో మన చిన్నాడికి కూడా ఒక జత పంపుతానన్నావు. మార్చి దాటిన ఎండల్లో వాడి గుర్రానికి నియోప్రిన్ అసలే వద్దు.

కట్టేటప్పుడు కాలు పొడిగా, శుభ్రంగా ఉండాలి. లోపల ఒక్క ఇసుక రేణువున్నా చర్మం ఒరుస్తుంది. బూటును కాస్త పైన పెట్టి కిందకు జార్చు, వెంట్రుక సాపుగా పడుకుంటుంది. పైకి మాత్రం లాగకు. పట్టీలు బయటివైపు, కొసలు వెనక్కి చూడాలి. మధ్య పట్టీ ముందు, తర్వాత పైది, చివర కిందిది, అన్నీ ఒకే బిగువులో. పై అంచులో ఒక వేలు బిగువుగా దూరితే చాలు. వెల్క్రో మీద టేపు వేసేట్లయితే ముందు చుట్ట నుంచి కొంత విప్పుకుని, లాగకుండా పరిచినట్టు అతికించు. సాగదీసి చుట్టిన టేపు టెండన్‌ను దారంలా కోస్తుంది.

ఓవర్‌రీచ్ బూట్లలో వెల్క్రోవి బురదలో ఊడిపోతాయి. రబ్బరువి, లాగి తొడిగేవి తీసుకో. వేడినీళ్ళలో నానబెట్టి, లోపలి వైపు బయటికి తిప్పి ఎక్కిస్తే దిగుతాయి. మడమ పూర్తిగా కప్పాలి, కానీ నేలకు ఈడ్చకూడదు. పొడవైతే వెనకకాలు దాని మీద పడి గుర్రం తూలుతుంది. అంచు కత్తిరించడానికి మొహమాటపడకు.

వెనకకాళ్ళకు ముందుభాగం కప్పే పొడవైన బూట్లు చాలు. దుంగ మీద వెనకకాళ్ళు ఈడ్చే గుర్రానికి ఇవి తప్పనిసరి. బ్యాండేజీల జోలికి పోవద్దు. ఎగుడుదిగుడు బిగువుతో కట్టినది తడిస్తే జారుతుంది, లేదా ఒకచోట నొక్కి టెండన్‌ను పాడుచేస్తుంది.

కొత్త బూట్లతో నేరుగా పోటీకి వెళ్ళకు. ఇంటి దగ్గరే ఒక దౌడు, ఒక నీటి గుంట దాటించి, విప్పి చూడు, ఎక్కడైనా వెంట్రుక ఎదురు తిరిగిందేమో. అదే పోటీలో గుర్రం నడక, అదుపు చూసే డ్రెసాజ్‌లోకి వెళ్ళేముందు బూట్లు తీసేయడం మర్చిపోకు, అక్కడ అవి నిషిద్ధం.

ఫినిష్ దాటి దిగగానే ముందు బూట్లు విప్పు, తర్వాత జీను సంగతి. చన్నీళ్ళు కాళ్ళ మీద పోస్తూ వేళ్ళతో తడుము. టేపు కోయడానికి మొద్దు కొన ఉన్న కత్తెర నీ జేబులో ఉండాలి. మర్నాడు పొద్దున రెండు కాళ్ళూ పోల్చి చూడు. ఒకదానిలో వేడో వాపో ఎక్కువుంటే, కుంటకపోయినా సరే, ఎక్కకుండా వెటర్నరీ డాక్టర్‌కు చూపించు.

ఇట్లు,
మీ బాబాయి