అండాశయ క్యాన్సర్ జన్యువులపై పరిశోధన: బీఎస్సీ తర్వాత ఎటు?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. పిన్నికి, అంటే అమ్మ సొంత చెల్లెలికి, అండాశయ క్యాన్సర్ తగ్గి మళ్లీ వచ్చింది. మొదట పనిచేసిన కీమో ఇప్పుడు పనిచేయడం లేదు. ఇలా ఎందుకవుతుందో తేల్చే పరిశోధన చేయాలని ఉంది. నాన్న బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు.

జవాబు: బాధలోంచి పుట్టినా ఇది మంచి శాస్త్రీయ ప్రశ్నమ్మా. కొంత జవాబు దొరికింది కూడా. ఏబీసీబీ1 జన్యువు అతిగా పనిచేస్తే, క్యాన్సర్ కణం ప్యాక్లిటాక్సెల్ అనే కీమో మందును వచ్చింది వచ్చినట్టే బయటికి తోడేస్తుంది. బీఆర్‌సీఏ జన్యువు చెడిన కణితి డీఎన్ఏను సరిగా మరమ్మతు చేసుకోలేదు, అందుకే కార్బోప్లాటిన్ అనే మరో కీమో మందుకు లొంగుతుంది. అదే జన్యువులో ఇంకో మార్పు వచ్చి మరమ్మతు మళ్లీ మొదలైతే మందు పట్టదు. సీసీఎన్ఈ1 జన్యువు ప్రతులు పెరిగిన కణితుల్లో చాలావాటికి మొదటినుంచే మందుకు లొంగని మొండితనం. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో ఈ మూడూ కనిపించాయి. ఒకే రోగిలోని వేర్వేరు గడ్డలు వేర్వేరు మార్పులతో తప్పించుకోవచ్చు. చిక్కంతా అక్కడే.

అందుకే జన్యు సమాచారాన్ని లెక్కగట్టి చదవగలిగేవాళ్లు కావాలి. స్టాటిస్టిక్స్, ఆర్ ప్రోగ్రామింగ్ ఇప్పుడే మొదలుపెట్టండి. సీబయోపోర్టల్ వెబ్‌సైట్‌లో అండాశయ క్యాన్సర్ డేటా ఉచితం, ల్యాప్‌టాప్ చాలు. ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీలోనే హ్యూమన్ జెనెటిక్స్ ఉంది, ఏపీ పీజీసెట్ రాయండి. వేరే ఊరు వెళ్లగలిగితే జామ్, గ్యాట్-బీ ప్రవేశ పరీక్షలు రాయండి. ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి స్టైపెండ్ ఉంటుంది. హైదరాబాద్ సీసీఎంబీ, నవీ ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వారి ఆక్ట్రెక్ పరిశోధన సంస్థలను గుర్తుపెట్టుకోండి. ఆ టాటా మెమోరియల్ వారిదే హోమీ భాభా ఆసుపత్రి మీకు దగ్గర్లో, అగనంపూడిలో ఉంది. ప్రాజెక్టుకు వీలుంటుందేమో అడగండి.

నాన్నగారి టెన్షన్ కొట్టిపారేయొద్దు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు. జేఆర్ఎఫ్ రాకపోయినా జన్యుపరీక్షల ల్యాబ్‌లు, బయోఇన్ఫర్మేటిక్స్ ఉద్యోగాలు ఉంటాయని చెప్పండి.

మీ పరిశోధన పిన్ని వైద్యానికి అందే సమయం ఉండదు, ఆ నిర్ణయాలు ఆమె డాక్టర్‌వే. కానీ ఒకటి మాత్రం ఇప్పుడే చేయగలరు. పిన్నికి బీఆర్‌సీఏ పరీక్ష చేశారో లేదో అడగండి. వంశపారంపర్యంగా వచ్చిన లోపమని తేలితే, అది మీ అమ్మకూ ఉండే అవకాశం దాదాపు సగం. అప్పుడు అమ్మను జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి మీరే తీసుకెళ్లండి, ఆలస్యం చేయకండి.