పాత నేవీ కోటు కొనేముందు

అల్లుడూ,

బోస్టన్ చలికి కొత్త జాకెట్ కొనాలా, పాత నేవీ కోటు కొనాలా అని అడిగావు కదా. పాతదే కొను. తొందర మాత్రం పడకు.

విశాఖ బీచ్ రోడ్డులో నేవీవాళ్లని తెల్లబట్టల్లో చూసి పెరిగినవాళ్లం మనం. అమెరికా నేవీవాళ్లకి ఇంత బరువైన ఊలు కోటు ఉంటుందని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. దీన్ని పీ కోట్ అంటారు. ఇంగ్లీషులో ‘పీ’ అంటే బఠాణీ, కానీ బఠాణీలతో దీనికి సంబంధం లేదులే! డచ్చి భాషలో ‘పెయ్’ అంటే ముతక ఊలుగుడ్డ, అక్కణ్ణించి వచ్చిందని చెబుతారు. ఓడ మీద పనికి కాళ్లకి అడ్డం రాకూడదు కాబట్టి పొట్టిగా కుట్టారు. కాలర్ ఎత్తితే చెవులు కప్పుకుపోతాయి. రొమ్ము మీద గుడ్డ రెండు పొరలుగా పడుతుంది కాబట్టి గాలి దూరదు.

అసలు చూడాల్సింది గుడ్డ. అమెరికా నేవీ 1970ల దాకా కెర్సీ అనే గుడ్డ వాడింది. గజానికి 32 ఔన్సులు, అంటే సుమారు 900 గ్రాములు! నున్నగా, గట్టిగా, దాదాపు నల్లగా కనిపించే నీలం. తర్వాత మెల్టన్ వచ్చింది. అదీ వెచ్చగానే ఉంటుంది కానీ నా చేతికి కెర్సీయే నచ్చుతుంది. లోపలి లేబుల్ మీద ‘డీఎస్ఏ 100’ (అప్పట్లో అమెరికా సైన్యానికి సరుకు కొనే సంస్థ గుర్తు) తర్వాత 67 అని ఉంటే అది 1967 కాంట్రాక్టు కోటు. గుండీల మీద తాడు చుట్టుకున్న లంగరు బొమ్మ ఉందో లేదో కూడా చూడు.

నా మొదటి కోటు సంగతి చెబితే అత్తయ్య ఇప్పటికీ నవ్వుతుంది. సైజు నంబరు నమ్మి కొన్నా, లోపల స్వెట్టర్ వేస్తే గుండీ పడలేదు. ఇంటికొచ్చి లైటు ముందు పెడితే చిమ్మెట కొట్టిన చిల్లులు నాలుగు! అందుకే నువ్వు స్వెట్టర్ మీదే వేసుకుని చూడు, చంకల దగ్గర, కాలర్ కింద వెతుకు. వాసన ఉంటే నాలుగు రోజులు గాలికి ఆరేస్తే చాలావరకు పోతుంది. వాషింగ్ మెషీన్‌లో మాత్రం వెయ్యకు, కుంచించుకుపోతుంది. డ్రైక్లీనింగ్‌కి ఇవ్వు.

కొన్నింటి లోపల పాత నావికుడి పేరు అచ్చుకొట్టి ఉంటుంది. దాన్ని చెరపకు. నా కోటులోనూ ఒకాయన పేరుంది, ఇరవయ్యేళ్లుగా మేమిద్దరం కలిసే చలికాలం గడుపుతున్నాం.

డబ్బు కట్టకముందే లేబుల్ ఫొటో పంపు.

మావయ్య