స్వరరచన చదివిన తరువాత: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా బొబ్బిలి. మా అమ్మాయి విజయనగరం మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలలో వీణ నేర్చుకుని డిప్లొమా పొందింది. తరువాత బెంగళూరులో స్వరరచన ప్రధానాంశంగా డిగ్రీ చేసింది, ఈ ఏడాదే చదువు పూర్తయింది. ఇప్పుడు హైదరాబాదు వెళ్లి సినిమా సంగీత దర్శకుల దగ్గర పనిచేస్తానంటోంది. ఈ చదువుకు కొలువులుండవని, బి.ఎడ్. చేయించమని బంధువులు అంటున్నారు. ఒకటి రెండేళ్లు ఆమె ఖర్చు మేము భరించగలం, అంతకు మించితే కష్టం. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, బొబ్బిలి

సమాధానం: మీ బంధువుల మాటలో కొంత నిజం ఉంది. స్వరరచయిత కావలెనని ప్రకటన ఇచ్చి నెల జీతం మీద నియమించుకునే సంస్థలు చాలా అరుదు. అయితే ఆ చదువు అవసరమయ్యే పనులు మాత్రం చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సంగీత దర్శకుడి పేరు వెనుక, తెర మీద చిన్న అక్షరాలలో కనిపించేవి, కొన్నిసార్లు అసలు కనిపించనివి. మీ అమ్మాయి వెళ్లదలచుకున్నది ఆ లోకంలోకే కనుక ముందు దాని గురించి చెబుతాను.

పెద్ద సంగీత దర్శకులలో చాలామంది ఇంకొకరి దగ్గర పనిచేసి పైకి వచ్చినవారే. ఇళయరాజా గారు జి.కె. వెంకటేష్ గారి దగ్గర, కీరవాణి గారు చక్రవర్తి గారి దగ్గర సహాయకులుగా ఉన్నారు. రెహమాన్ గారు 1992లో సినిమా సంగీత దర్శకుడిగా పరిచయం కాకముందు ఇతరుల రికార్డింగులలో కీబోర్డు వాయించారు, వాణిజ్య ప్రకటనలకు సంగీతం కట్టారు. మన విజయనగరం కళాశాలలోనే చదువుకున్న ఘంటసాల గారు కూడా మద్రాసు చేరిన తొలి రోజులలో బృందగానాలలో గొంతు కలుపుతూ, చిన్న వేషాలు వేస్తూ గడిపారు. ఈ పేర్లు ఆశ పెట్టడానికి చెప్పడం లేదు. సహాయకుడిగా గడిపే కాలం ఈ వృత్తిలో చదువుకు కొనసాగింపు అని, డిగ్రీ ఉన్నంత మాత్రాన దానిని దాటవేయడం కుదరదని చెప్పడానికే.

నేటి సహాయకుల పని బాణీ కట్టడంతో మొదలు కాదు. దర్శకుడు హార్మోనియం మీదనో ఫోనులోనో పాడి పంపిన బాణీకి తాళగతి, స్వరసమ్మేళనం అమర్చి కంప్యూటరులో నమూనా తయారు చేయాలి. అసలు గాయకులకు ముందు నమూనాగా ట్రాక్ పాడేవారికి నేర్పాలి. రికార్డింగుకు వచ్చే వాద్యకారులకు స్వరాలు రాసి ఇవ్వాలి. సినిమా కూర్పు (ఎడిటింగ్) మారినప్పుడల్లా రీరికార్డింగు సంగీతాన్ని, అంటే నేపథ్య సంగీతాన్ని, దృశ్యం నిడివికి తగినట్టు తిరిగి కత్తిరించి అతకాలి. ఈ చివరి పని విసుగు పుట్టించేదే గాని, ఎక్కువగా దొరికేదీ, సన్నివేశానికి సంగీతం ఎలా పనిచేస్తుందో నేర్పేదీ అదే.

ఇక్కడ మీ అమ్మాయికి ఒక అనుకూలత ఉంది. చెన్నైలో గాని మరొక చోట గాని వయొలిన్ బృందాలతో రికార్డు చేసేటప్పుడు వాద్యకారులు పాశ్చాత్య స్వరలిపిని చూసి వాయిస్తారు. మన గాయకులకు, వీణ, వేణువు వాయించేవారికి సరిగమల లిపి కావాలి. రాగంలోని గమకం (స్వరాన్ని ఊపి పలికించే తీరు) చెడకుండా ఈ రెండింటి మధ్య రాకపోకలు చేయగలిగేవారు తక్కువ. వీణ డిప్లొమా, స్వరరచన డిగ్రీ రెండూ ఉన్న అమ్మాయి ఆ పని చేయగలనని ధైర్యంగా చెప్పుకోవచ్చు. వీణ వదలవద్దని కూడా చెప్పండి. రికార్డింగులకు వెళ్లి వాయించే అవకాశం ఆదాయానికి ఆదాయం, పరిచయాలకు పరిచయాలు.

డబ్బు విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది ప్యాకేజీ పద్ధతి. చిన్న సినిమాలకు నిర్మాత ఒక మొత్తం చెప్పి, గాయకులు, వాద్యకారులు, స్టూడియో, మిక్సింగు ఖర్చులన్నీ అందులోనే భరించుకోమంటాడు. మొదటి అవకాశం కదా అని ఒప్పుకున్నవారికి చివరకు చేతిలో మిగిలేది కొంచెమే, ఒక్కోసారి చేతి డబ్బే పడుతుంది. ఒప్పుకునే ముందే ఖర్చుల పట్టిక రాసుకుని, తన పారితోషికాన్ని అందులో విడిగా చూపించడం మంచిది.

రెండవది హక్కులు. సంగీత కళాశాలలు ఈ విషయం బోధించకపోవడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం, సినిమాలో చేరిన పాటను థియేటరులో సినిమాతో పాటు వినిపించడం కాక మరే విధంగా వాడుకున్నా, దాని మీద వచ్చే రాయల్టీలో (వాడుకున్నందుకు చెల్లించే సొమ్ములో) స్వరకర్తకు, గీతరచయితకు వాటా ఉంటుంది. వారసులకు గాని, కాపీరైట్ సొసైటీకి గాని తప్ప ఆ వాటాను ఎవరికీ రాసి ఇవ్వడం కుదరదు. అందువల్ల ‘సర్వహక్కులూ నిర్మాతకే’ అని ఒప్పందంలో రాసినా ఆ రాయల్టీ హక్కు పోదు. ఒప్పందంలో గడువు పేర్కొనకపోతే హక్కుల బదిలీ 5 ఏళ్లకే, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. స్వరలిపిలో రాయకపోయినా, బాణీ కట్టినవారినే చట్టం స్వరకర్తగా గుర్తిస్తుంది. కనుక సహాయకురాలిగా ఉన్నప్పుడు తాను స్వయంగా కట్టిన బాణీలను తేదీతో సహా భద్రపరచుకోవడం, తన పేరు ఎక్కడ, ఎలా పడుతుందో ముందే అడిగి కాగితం మీద రాయించుకోవడం మర్యాద తప్పినట్టు కాదు. పాటలు విడుదలైన తరువాత స్వరకర్తలకు, గీతరచయితలకు రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి.

సినిమాకు బయట కూడా పని ఉందన్న సంగతి హైదరాబాదు ఆలోచనలో మరుగున పడుతుంది. ఉత్తరాంధ్రలో కూచిపూడి, భరతనాట్యం నేర్పే నాట్యాలయాలకు అరంగేట్రాల కోసం, నృత్యనాటకాల కోసం రికార్డు చేసిన సంగీతం కావాలి. నాటక బృందాలకు నేపథ్య సంగీతం కావాలి. భక్తి గీతాలు, టీవీ ధారావాహికలు, ప్రకటనలు, హైదరాబాదులోని యానిమేషన్, వీడియో గేముల సంస్థలు కూడా ఉన్నాయి. అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద రాగం పేరుతో దొరికాయి గాని బాణీలు దొరకలేదు. నేడు మనం వింటున్నవి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, విజయనగరం కళాశాలలోనే చదివిన నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు గత శతాబ్దంలో స్వరపరచినవి. బాణీ లేని సంకీర్తనలు ఇంకా ఎన్నో ఉన్నాయి. శాస్త్రీయ పునాది ఉన్న స్వరకర్తకు ఇది జీవితకాలం చేయదగిన పని. ఆదాయం నెమ్మదిగా వస్తుంది, అది వేరే సంగతి.

ఇక మీ ప్రశ్నకు నా సూటి సలహా ఇది: ఆమెను పంపండి, కాని వెంటనే కాదు. మూడు నాలుగు నెలలు ఇంటి దగ్గరే ఉండి, భిన్నమైన సన్నివేశాలకు తాను కట్టిన రీరికార్డింగు నమూనాలు, రెండు మూడు పాటలు సిద్ధం చేసుకోనివ్వండి. వినేవారికి ఐదు నిమిషాల కంటే ఎక్కువ ఓపిక ఉండదు, కనుక నమూనా అంతకు మించకూడదు. ఈలోగా కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకిచ్చే ఉపకార వేతనానికి వీణ విభాగంలో దరఖాస్తు చేయించండి. 18 నుంచి 25 ఏళ్ల మధ్య వయసు, గురువు దగ్గర కనీసం 5 ఏళ్ల శిక్షణ ఉన్నవారు అర్హులు. ఎంపికైతే నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు, అయితే అది ఉన్నత శిక్షణ కోసం ఇచ్చేది కనుక గురువు దగ్గర సాధన సాగుతూనే ఉండాలి. విశాఖపట్నం ఆకాశవాణి ఆడిషన్‌కు కూడా పంపండి. ఆకాశవాణి కళాకారులకిచ్చే బి, బి-హై, ఏ, టాప్ అన్న గ్రేడులలో బి దగ్గర మొదలైనా ఫరవాలేదు.

బి.ఎడ్. మాటకొస్తే, అది ఆమెకు అక్కరకు వస్తుందని నేననుకోను. కేంద్రీయ విద్యాలయాలలో ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయ పోస్టుకు ఇంటరు మార్కులతో పాటు సంగీతంలో డిగ్రీ, ఇంగ్లీషులోనూ హిందీలోనూ బోధించగల నేర్పు అడుగుతారు. అయితే ఆమె డిగ్రీ ఇచ్చినది యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తించిన విశ్వవిద్యాలయమేనా అన్నది ఈ వారమే చూసుకోండి. ప్రైవేటు సంగీత సంస్థలు సొంతంగా ఇచ్చే పట్టాలు స్టూడియోలో చెల్లినా ప్రభుత్వ నియామకాలలో చెల్లవు.

ప్రశ్న: నేను స్వరరచనలో పీజీ చేయాలనుకుంటున్నాను. తరువాత డిగ్రీ కళాశాలలో అధ్యాపకుడిని కాగలనా?
– విద్యార్థి, శ్రీకాకుళం

సమాధానం: కావచ్చు. సహాయ ఆచార్య పదవికి పీజీలో 55 శాతం మార్కులు, దానితో పాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) లేదా స్లెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) ఉత్తీర్ణత గాని, నిబంధనల ప్రకారం పొందిన పీహెచ్.డి. గాని ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు మార్కులలో 5 శాతం సడలింపు ఉంది. కాని నెట్ సంగీతం ప్రశ్నపత్రం కర్ణాటక, హిందుస్థానీ సంప్రదాయాల శాస్త్ర, చరిత్ర భాగాల చుట్టూ తిరుగుతుంది. కేవలం స్టూడియో పనికి శిక్షణ ఇచ్చే కోర్సు చేసినవారు సంగీత శాస్త్రాన్ని వివరించే లక్షణ గ్రంథాల దగ్గర తడబడతారు. అధ్యాపక వృత్తే మీ లక్ష్యమైతే ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి చోట సంగీతంలో ఎం.ఏ. చేసి, స్వరరచనను పక్కన సాధన చేయడం మేలని నా అభిప్రాయం. డిగ్రీతో పాటు పేరున్న గురువుల దగ్గర శిక్షణ, ఆకాశవాణి ‘ఏ’ గ్రేడు ఉన్న కళాకారులకు యూజీసీ నిబంధనలలో మరొక మార్గం ఉంది గాని, ఆ గ్రేడు చేరడానికి నెట్ రాయడం కంటే ఎక్కువ ఏళ్లే పట్టవచ్చు.

ప్రశ్న: మేము నలుగురం సంగీతం చదివిన మిత్రులం. ఉత్తరాంధ్ర జానపదాలకు కొత్త వాద్యసంగీతం చేర్చి యూట్యూబులో పెడుతున్నాము. ఈ పాటల మీద మాకు హక్కు ఉంటుందా?
– ఆమదాలవలస పాఠకులు

సమాధానం: కర్త ఎవరో తెలియకుండా తరతరాలుగా వస్తున్న పాట ఎవరి సొత్తూ కాదు. దానికి మీరు కొత్తగా చేసిన వాద్యసంగీతం, మీ రికార్డింగు మీవి. పాత బాణీ మాత్రం మీది కాదు, కనుక అదే పాటను ఇంకొకరు తమ పద్ధతిలో పాడితే ఆపలేరు. మీ సొంత రికార్డింగును ఎత్తుకుని వాడితే అభ్యంతరం చెప్పవచ్చు. రికార్డింగు మీద హక్కు ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది.

అసలు ప్రమాదం మరొక చోట ఉంది. మన వైపు జానపదాలని అందరూ అనుకునే పాటలు కొన్నింటికి కర్తలున్నారు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు గారి పాటలు జనం నోళ్లలో అంతగా నానిపోయి, ఎవరు రాశారో తెలియకుండానే పాడేస్తుంటారు. ఆయన 2020లో కన్నుమూశారు. రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లు హక్కు ఉంటుంది కాబట్టి, ఆయన రచనలకు 2080 చివరి వరకు అనుమతి తప్పనిసరి. కాబట్టి ప్రతి పాటకు ఎవరి దగ్గర విన్నారో, ఏ ఊరిలో రికార్డు చేశారో రాసి పెట్టుకోండి. తప్పెటగుళ్లు, జముకుల కథ వంటి జానపద కళారూపాల కళాకారుల చేత పాడించి రికార్డు చేస్తే, ప్రదర్శకులుగా వారికీ హక్కులుంటాయి. వారి అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి, చదవలేనివారికి సాక్షి సమక్షంలో చదివి వినిపించండి, ఆదాయంలో వాటా ఎంతో అందులోనే అంకెలతో పేర్కొనండి. మీ నలుగురి మధ్య వాటాలు కూడా మొదటి డబ్బు రాకముందే రాసుకోవాలి.