అంతరించిన జంతువులను క్లోనింగ్‌తో మళ్ళీ పుట్టించడం న్యాయమేనా?

"మన వల్ల అంతరించిన జంతువును మనమే మళ్ళీ పుట్టిస్తే తప్పేముంది, చేసిన పాపం కడుక్కున్నట్టే కదా" అని కొందరు అడుగుతుంటారు. ఒకప్పుడు నాకూ అలాగే అనిపించేది. ఇప్పుడు అనిపించడం లేదు. అందుకు కారణం మా ఎనుము.

పదేళ్ల కిందట అది నెలలు నిండి, రాత్రంతా నొప్పులు పడి తెల్లవారుజామున ఈనింది. దూడ కళ్ళు తెరిచింది కానీ ఊపిరి అందలేదు. మా నాయన ముక్కులో జిగురు తీశాడు, గడ్డిపరకతో గిలిగించాడు, వెనక కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తాడు. డొక్కలు నాలుగైదుసార్లు ఎగిరాయి, అంతే. ఎనుము మాత్రం దాన్ని నాకుతూనే ఉంది. పూడ్చేశాక రెండు రోజులు మేత ముట్టకుండా ఆ చోటే వాసన చూస్తూ అరిచింది.

తర్వాత ఎప్పుడో బుకార్డో గురించి చదువుతుంటే ఆ తెల్లవారుజామే గుర్తొచ్చింది. బుకార్డో అంటే స్పెయిన్ వైపు పిరనీస్ కొండల్లో తిరిగిన అడవి మేక. చివరికి సీలియా అనే ఒక్క ఆడది మిగిలింది. 2000 జనవరిలో ఒక చెట్టు విరిగి మీద పడడంతో అదీ చచ్చిపోయింది. అంతకుముందు ఏడాది దాని చెవి నుంచి తీసి దాచిన కణాలతో అచ్చం దానిలాంటి పిండాలు తయారుచేసి (క్లోనింగ్ అంటే ఇదే) 57 అద్దె తల్లుల గర్భాల్లో పెట్టారు. 7 చూలు కట్టాయి. 2003 జులైలో పుట్టింది ఒక్కటే. ఊపిరితిత్తుల లోపంతో అదీ కొన్ని నిమిషాలకే పోయింది. చూలు నిలవని ఆ తల్లుల గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఒకవేళ పిల్ల బతికి ఉన్నా, సీలియా కణాలతో పుట్టింది కాబట్టి అదీ ఆడదే. జతకు మగది ఎక్కడి నుంచి తెస్తారు?

పాపం చేసింది మనుషులు, నొప్పులు పడాల్సింది మేకలా? ఇది నాకు మింగుడు పడదు.

అలాగని సైన్స్ వద్దనను. మాది నందికొట్కూరు వైపు. మా దగ్గరి రోళ్లపాడును 1988లో బట్టమేక పిట్టల కోసం అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తుండే ఆ పిట్ట నేల మీదే, మామూలుగా ఒకే గుడ్డు పెడుతుంది. చిన్నప్పుడు తాత నన్ను భుజానికెత్తుకుని జొన్నకొయ్యల మధ్య నడుస్తున్న ఒకదాన్ని చూపించాడు. తెల్లటి మెడ నిటారుగా పెట్టి, తొందర లేకుండా నడిచింది. ఇప్పుడు అక్కడ ఒక్కటీ కనబడదు. దేశమంతా కలిపినా రెండు వందలు లేవు. పైగా దూడనో గొర్రెనో క్లోన్ చేసినట్టు పిట్టను చేయడం ఇంతవరకు కుదరలేదు.

జైసల్మేర్ దగ్గర 2024లో కృత్రిమ గర్భధారణతో ఒక బట్టమేక పిట్ట పిల్లను పుట్టించారు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల ల్యాబ్ అంతరించే దశలో ఉన్న జంతువుల కణాలను దాస్తోంది. ఖర్చు పెట్టాల్సింది ఇలాంటి వాటి మీద. ఎందుకంటే తల్లీ తండ్రీ ఇంకా బతికే ఉన్నాయి, పిల్లకు మేత వెతకడం నేర్పే గుంపూ ఉంది.

ఆ పిల్లల్లో కొన్నిటిని రేపు రోళ్లపాడుకు తెస్తామంటే అందరికంటే ముందు సంతోషించేది నేనే. కానీ అభయారణ్యం 614 హెక్టార్లే. తాత చూపించిన పిట్ట ఆ హద్దు లోపలిది కాదు, మా చేను పక్క బీడులోది. ఆ బీడు దున్నేశాం. ఇప్పుడు అక్కడ శనగ వేస్తున్నాం.